కార్ల కూలెంట్ ప్రెషర్ టెస్టర్ కిట్: బోటు ఇంజను మీద వాడి చూశాక

ఆన్‌లైన్‌లో దొరికే మామూలు రేడియేటర్ ప్రెషర్ టెస్టర్ కిట్ ఇది. ఇంజనుని చల్లబరిచే కూలెంట్ ట్యాంకుకి మూత బదులు దీన్ని తగిలించి పంపు కొడితే లోపల ప్రెషర్ ఎక్కుతుంది, ఎక్కడైనా లీకుంటే గేజి ముల్లు కిందికి దిగుతుంది. ప్లాస్టిక్ పెట్టె, అందులో ఒక చేతిపంపు, పంపుకి గుండ్రటి గేజి, పొట్టి రబ్బరు గొట్టం, రంగురంగుల అల్యూమినియం అడాప్టర్లు డజనుకు పైనే. నాకు మూడు వేల లోపే పడింది. కొన్నది కారు కోసం కాదు. నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు చేసే మేస్త్రీని. అందుకని కార్లవాళ్ళకి ఈ రివ్యూ సగమే పనికొస్తుంది. బోటు ఓనర్లూ డ్రైవర్లూ మాత్రం కొంచెం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ముందు తీర్పు చెప్పేస్తాను. పంపు, గేజి పెట్టిన డబ్బుకి బాగున్నాయి. అడాప్టర్లలో మన ఇంజన్లకి అక్కరకొచ్చేవి రెండే, మిగతావి పెట్టెకి బరువు. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు మాత్రమే కారే లీకుని ఇది దానంతటది పట్టుకోలేదు. అయినా కొనమనే అంటాను. కూలెంట్ తగ్గుతోందనగానే "హెడ్డు గాస్కెట్టు పోయింది, దింపేద్దాం" అనే అలవాటు మన హార్బర్లలో బాగా ఉంది. హెడ్డంటే సిలిండర్ల పైనుండే మూత, గాస్కెట్టంటే దానికీ బ్లాకుకీ మధ్యనుండే సీలు. హెడ్డు దింపడానికి ముందు ఒక పూట ఈ గేజి ముందు కూర్చుంటే చాలాసార్లు ఆ ఖర్చు తప్పుతుంది.

ఇంజను గదిలోకి ఎప్పుడూ దిగని ఓనర్ల కోసం రెండు ముక్కలు. సముద్రం బోటు ఇంజనులో రెండు నీళ్ళు తిరుగుతాయి. హెడర్ ట్యాంకులో మనం పోసే కూలెంట్ మంచినీళ్ళ దారిలో బ్లాకు, హెడ్డు చుట్టి హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి వస్తుంది. దాన్ని మనవాళ్ళు కూలర్ అంటారు. ఆ కూలర్‌లో సన్నటి ట్యూబుల గుత్తి ఉంటుంది. ట్యూబుల లోపల ఉప్పునీళ్ళు, బయట కూలెంట్. ఉప్పునీటి పంపు సముద్రంలోంచి నీళ్ళు లాగి ఆ ట్యూబుల గుండా తోసి, బోటు పక్కనున్న గొట్టంలోంచి మళ్ళీ సముద్రంలోకే వదిలేస్తుంది. కూలెంట్ మాత్రం బయటికి పోవలసిన అవసరమే లేదు. మూత వేసిన దారి అది. తగ్గుతోందంటే ఎటో పోతున్నట్టే, ఆవిరైపోయిందిలే అనుకోకూడదు.

ఒక్క మినహాయింపు ఉంది, అది చెప్పకపోతే ఈ కిట్ అనవసరంగా కొనేస్తారు. ట్యాంకు మెడదాకా నింపితే, వేడెక్కాక కూలెంట్ పెరిగి, ఎక్కువైంది ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పోతుంది. ఇరవై లీటర్లు పట్టే ఇంజనులో అలా అర లీటరు పైనే పోవచ్చు. డ్రైవరు పొద్దున చూసి "తగ్గిందండీ" అని మళ్ళీ మెడదాకా పోస్తాడు, అది మళ్ళీ పోతుంది. చల్లటి ఇంజను మీద ట్యాంకుకి పెయింటుతో గీత గీయండి. ఒకసారి తగ్గి ఆ గీత దగ్గరే నిలబడిందా, లీకు లేదు. ప్రతి వేటకీ గీత కిందికి పోతోందా, అప్పుడు కిట్ తీయాలి.

ఇప్పుడు నేను దీన్ని గట్టిగా పరీక్షించిన బోటు సంగతి. సీజను మధ్యలో వచ్చింది, ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం ఇంకా చాలా దూరం. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. వేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ లీటరు, లీటరున్నర తగ్గుతోంది. అంతకుముందు వేరే వర్క్‌షాపు వాళ్ళు గాస్కెట్టే అని తేల్చి, హెడ్డు దింపి, ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్టు వేసి బిల్లు ఇచ్చారు. ఆ తర్వాత మొదటి వేటకే మళ్ళీ తగ్గింది. డ్రైవరు నా దగ్గరికొచ్చి, "మేస్త్రీ గారూ, ఎక్కడా చుక్క కారట్లేదు, పొగ తెల్లగా లేదు, ఆయిలు శుభ్రంగా ఉంది. మరి తాగేస్తోంది ఎవరండీ?" అన్నాడు. అతను చెప్పిన మూడు సంగతుల్లోనే సగం జవాబు ఉంది. పొగ తెల్లగా లేదంటే సిలిండర్లలోకి పోవడం లేదనే అనుకోవాలి. ఆయిలు మజ్జిగలా మారలేదంటే సంపులోకి, అంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి, పోవడం లేదనే లెక్క. ఇంజను కింద తడి లేదంటే హోసు పైపులూ క్లిప్పులూ బాగానే ఉన్నాయేమో. ఈ ఆఖరిది మాత్రం నమ్మకూడదు. బోటు అడుగునుండే బిల్జిలో డీజిలు, ఆయిలు, ఉప్పునీళ్ళు కలిసి నిలిచి ఉంటాయి, అందులో ఆకుపచ్చ చుక్క పడితే ఎవడికి కనిపిస్తుంది? నేను ఇంజను కింద పొడి అట్టముక్కలు పరిచి మొదలుపెడతాను. అట్ట మీద తడి మచ్చ దాక్కోలేదు.

ఇంజను పూర్తిగా చల్లారాక ట్యాంకు నింపి, మూత మీద ఏ ప్రెషర్ రాసి ఉందో చూశాను. 0.9 అని ఉంది, అంటే 0.9 బార్, దగ్గరదగ్గర 13 పౌండ్లు (psi). పంపుతో అంతవరకే కొట్టాను. ఈ గేజి 35 పౌండ్ల దాకా ఉంది. ఉంది కదా అని ఎక్కువ కొడితే బాగున్న హోసు కూడా ఊడిపోతుంది, కొత్త లీకు మనమే పెట్టినవాళ్ళమవుతాం. ఇంకో జాగ్రత్త, ఇంజను గోరువెచ్చగా ఉండగా ఈ టెస్టు చేయకండి. లోపల చల్లబడుతున్న కొద్దీ ముల్లు దానంతటదే కిందికి దిగుతుంది, లేని లీకు ఉందనిపిస్తుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ మాట ఎక్కడా లేదు.

టీ తాగి వచ్చేసరికి ముల్లు 10 దగ్గరికి దిగింది. టార్చి వేసి, పళ్ళ డాక్టర్ల దగ్గర ఉండే లాంటి చిన్న అద్దం పెట్టి అన్నీ చూశాను. మంచినీటి పంపు కిందున్న చిన్న రంధ్రం పొడిగా ఉంది. పంపు సీలు పోతే మొదట అక్కడే కారుతుంది. హోసు చివర్లు, డ్రెయిన్ కాకు, బ్లాకు పక్కనుండే ప్లగ్గులు, అన్నీ పొడే. అట్టల మీద ఒక్క మచ్చ లేదు. ప్రెషర్ పోతోంది, నీళ్ళు బయటికి రావడం లేదు. పొగ, ఆయిలు సంగతి డ్రైవరు ముందే చెప్పాడు. ఇక కూలర్ మీదే అనుమానం.

సముద్రపు వాల్వు మూసి, కూలర్ చివరి మూత బోల్టులు విప్పితే ఉప్పునీళ్ళు కారిపోయి ట్యూబుల మూతులు జల్లెడలా బయటపడ్డాయి. వాటిని పాత బనియను గుడ్డతో ఒక్కొక్కటీ పొడిగా తుడిచాను. మళ్ళీ 13 పౌండ్లకి కొట్టి, టార్చి అక్కడే పెట్టి కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత కింది వరసలో ఒక ట్యూబు మూతి చుట్టూ సన్నగా చెమ్మ మెరిసింది. అది మెల్లగా గుండ్రంగా పెరిగి, లేత ఆకుపచ్చ రంగు చుక్కై అంచు మీద వేలాడి పడింది. తుడిస్తే మళ్ళీ వచ్చింది. ఇంకాసేపటికి దాని పక్క ట్యూబులో కూడా మొదలైంది. డ్రైవరు గేజినీ ఆ చుక్కనీ మార్చి మార్చి చూసి, హెడ్డుకి అయిన బిల్లు ఎంతో మరోసారి చెప్పాడు.

ఇలాంటి లీకు బయట కనబడకపోవడానికి కారణం ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు కూలెంట్ వైపు ప్రెషర్ ఎక్కువ, ఉప్పునీటి వైపు తక్కువ. చిల్లు పడితే కూలెంట్ ఉప్పునీటిలో కలిసి పక్క గొట్టంలోంచి సముద్రంలోకి పోతుంది. అంత నీళ్ళలో ఆ కాస్త రంగు ఎవరికీ కనిపించదు. ఇంజను ఆపాక కథ తిరగబడుతుంది. చల్లారేటప్పుడు లోపల పీల్పు ఏర్పడి అదే చిల్లులోంచి ఉప్పునీళ్ళు కూలెంట్‌లోకి రావచ్చు. అప్పుడు హెడ్డు, బ్లాకు లోపలినుంచి తుప్పు పట్టడం మొదలవుతుంది. లీటరు కూలెంట్ పోయిందనే బాధ కంటే ఇది పెద్ద బాధ. ఉప్పుగా ఉందేమోనని నాలుక మీద వేసి చూసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి మానండి. కూలెంట్‌లో గ్లైకాల్ ఉంటుంది, అది విషం.

కూలర్ పక్కనుండే జింకు ప్లగ్గు విప్పితే ఇత్తడి తల ఒక్కటే చేతికొచ్చింది. జింకుని ఉప్పునీళ్ళు ఎప్పుడో తినేశాయి. ఉప్పునీటి తుప్పుకి ముందు ఆ జింకు బలైతే ట్యూబులు బతుకుతాయి, దానికోసమే అక్కడ పెడతారు. సగం అరిగినప్పుడే మార్చాలి. ఇది చదివి కిట్ కొనకపోయినా ఫర్వాలేదు, రేపు పొద్దున మీ కూలర్ జింకు మాత్రం విప్పి చూడండి. రేడియేటర్లు చేసే షాపులో కూలర్‌ని గాలి పట్టి నీళ్ళలో ముంచితే ఆ రెండు ట్యూబుల దగ్గరే బుడగలొచ్చాయి. రెండు చివర్లా ఇత్తడి బిరడాలు వేసి మూయించాం. ఒకటి రెండు ట్యూబులు మూస్తే చల్లదనం పెద్దగా తగ్గదు. నిషేధం రోజుల్లో కొత్త గుత్తి వేయించమని ఓనరుకి చెప్పాను. మళ్ళీ బిగించి ప్రెషర్ పెడితే గంటసేపు ముల్లు కదల్లేదు.

ఇక కిట్ సంగతి. చేతిపంపు బలంగానే ఉంది, పిస్టన్ రబ్బరు ఇప్పటికీ పట్టుగా ఉంది. గేజిని గాలి కొట్టే షాపులో మంచి గేజి పక్కన పెట్టి పోల్చాను. 15 పౌండ్ల దగ్గర తేడా అంటూ చెప్పుకోవలసింది లేదు. ప్రెషర్ వదిలే బటను చక్కగా పనిచేస్తుంది. గొట్టం మాత్రం మరీ పొట్టి. కారు బానెట్ ఎత్తి నిలబడేవాడికి చాలు. ఇంజను గదిలో హెడర్ ట్యాంకు బల్కుహెడ్డుకి ఆనుకుని ఉంటే గేజి గోడవైపు తిరిగి కూర్చుంటుంది, దాన్ని చదవడానికి ఇంజను మీద పడుకోవాలి. నేను గొట్టం తీసేసి పొడుగుది వేయించుకున్నాను.

అడాప్టర్లన్నీ కార్ల మూతల కొలతలవి. మన పాత ఇంజన్ల ట్యాంకు మెడకి ఒక్కటీ సరిగ్గా కూర్చోలేదు. పెట్టెలో ఒక రబ్బరు బిరడా ఉంది. మెడలో పెట్టి తిప్పితే ఉబ్బి పట్టుకుంటుంది. పనికొచ్చే రెండిట్లో అది మొదటిది, కానీ ప్రమాదకరం కూడా. ఆయిలు అంటిన మెడలో 12 పౌండ్ల దగ్గర జారి నా చెవి పక్కనుంచి ఎగిరింది. మెడని సబ్బుతో కడిగి, బిరడాని బైండింగ్ వైరుతో ట్యాంకుకి కట్టి మరీ పంపు కొట్టండి. ఆ తర్వాత నేను ఆటోనగర్‌లో లేతు షాపుకి ఒక పాత మూత ఇచ్చి, దాని మధ్యలో రంధ్రం చేయించి, కిట్ కప్లర్‌కి (గొట్టం చివర తగిలించే ముక్కకి) సరిపోయే నిపుల్ బ్రేజింగ్ చేయించాను. ఇప్పుడు అదే వాడుతున్నాను. నిజం చెప్పాలంటే అదే మూతకి సైకిలు ట్యూబు వాల్వు బిగించి, సైకిలు పంపు, టైరు గేజి పెట్టుకున్నా పని జరుగుతుంది. చేయి తిరిగినవాళ్ళు అలా చేసుకోండి, మూడు వేలు మిగులుతాయి. కిట్‌లో హాయి ఏంటంటే కొట్టే ప్రతి దెబ్బకీ ముల్లు కళ్ళముందే కనిపిస్తుంది, చూసుకోకుండా ఎక్కువ కొట్టే భయం ఉండదు.

రెండో అడాప్టర్ మూతని పరీక్షించేది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం పెట్టె డబ్బులు దీంతోనే వచ్చేశాయి. మూతని ఒకవైపు, పంపుని ఇంకోవైపు తగిలించి కొడితే మూత ఎన్ని పౌండ్ల దగ్గర వదిలేస్తోందో తెలిసిపోతుంది. మన బోట్లలో మూత పోతే దగ్గరున్న లారీ మూతో బస్సు మూతో వేసేస్తారు. 13 ఉండాల్సిన చోట 4 దగ్గరే వదిలేసే మూతలు చూశాను. ప్రెషర్ నిలబడితే ఉత్త నీళ్ళు కూడా 15 పౌండ్ల దగ్గర 120 డిగ్రీలదాకా మరగవు. మూత వదిలేస్తే 100 దగ్గరే మరిగి ఓవర్‌ఫ్లోలోంచి పోతాయి. ఇంజనుకి ఏ రోగమూ లేకుండానే కూలెంట్ తగ్గుతుంది. వైద్యం కొత్త మూత, అంతే.

ఇది చేయలేని పని గురించి కూడా చెప్పాలి. హెడ్డులో సన్నటి పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కాక తెరుచుకుంటుంది. అలాంటి బోటు ఒకటి వచ్చింది, చల్లటి ఇంజను మీద ముల్లు రాయిలా నిలబడింది. అప్పుడు చేసేది వేరు. టెస్టర్ ట్యాంకు మీదే ఉంచి ఇంజను స్టార్టు చేస్తే, మంట ప్రెషర్ కూలెంట్‌లోకి వస్తుంటే ఇంకా వేడెక్కకముందే ముల్లు గబగబా పైకి లేస్తుంది. చేయి బటను మీదే ఉండాలి, మూత ప్రెషర్ దాటకముందే వదిలెయ్యాలి. అప్పుడూ తేలకపోతే ఓవర్‌ఫ్లో గొట్టం చివర నీళ్ళ సీసాలో ముంచి, ఇంజనుకి లోడిచ్చి చూడండి, ఆగకుండా బుడగలొస్తే పగులో గాస్కెట్టో. ఆ బోటుకి నిజంగానే హెడ్డు దింపాం. పొగ గ్యాసు తగిలితే నీలం నుంచి ఆకుపచ్చకీ పసుపుకీ మారే ద్రవంతో టెస్టర్ ఒకటి విడిగా దొరుకుతుంది. నేను కొన్నాను, కానీ ఇంజను గదిలో ఇరుగు పొరుగు బోట్ల పొగ కమ్ముకుని ఉంటే ఆ గాలికే రంగు మారిపోతుంది. గాలి ఆడే చోట తప్ప దాని మాట నమ్మను.

వెట్ లైనర్ల ఇంజన్లలో, అంటే సిలిండరు గొట్టానికి బయట నేరుగా కూలెంట్ తగిలే వాటిలో, ఇంకో దారి ఉంది. లైనరు కింది రబ్బరు రింగులు పోతే కూలెంట్ సంపులోకి దిగుతుంది. రాత్రంతా ప్రెషర్ పెట్టి వదిలి, పొద్దున ఇంజను కదపకుండా డిప్‌స్టిక్ గొట్టంలోంచి సంపు అడుగునున్న ఆయిలు కాస్త చేతిపంపుతో లాగి చూడండి. నీళ్ళు బరువు కాబట్టి అడుగునే ఉంటాయి, ముందు అవే వస్తాయి. బోట్లలో సంపు ప్లగ్గు అందదు కాబట్టి ఈ పద్ధతి చెబుతున్నాను. కీలు (బోటు అడుగు దూలం) పక్కన పైపులు తిప్పి చల్లబరిచే బోట్లకైతే బోటుని నీళ్ళలోంచి ఒడ్డుకి స్లిప్‌వే ఎక్కించినప్పుడే ప్రెషర్ పెట్టి, కింద నిలబడి పైపు అతుకులు చూసుకోవాలి. నీళ్ళలో ఉండగా ముల్లు తగ్గిందనే తెలుస్తుంది, ఎక్కడో తెలియదు.

అన్నట్టు, "మన ఊళ్ళో మంచు పడదు కదా, కూలెంట్ దేనికి, నీళ్ళు చాలవా" అని ప్రతి ఓనరూ అడుగుతారు. మనం కూలెంట్ వేసేది గడ్డకట్టకుండా కాదు, తుప్పు పట్టకుండా, లైనర్లకి గుంటలు పడకుండా. లీకుందని ప్రతి వేటకీ రెండు లీటర్లు బోరు నీళ్ళు పోసుకుంటూ పోతే ఆ మందు పలచబడిపోతుంది. లీకు చిన్నదే అని సీజనంతా నెట్టుకొచ్చేవాళ్ళకి అసలు నష్టం అక్కడ.

కిట్‌లో నచ్చనివి ఇంకో రెండు. కప్లర్ లోపలి చిన్న గుండ్లు మామూలు ఉక్కువి, హార్బర్ గాలికి వెంటనే తుప్పు పట్టాయి. వాడిన ప్రతిసారీ ఆయిలు చుక్క వేసి, నూనె గుడ్డలో చుట్టి పెడుతున్నాను. రెండోది, మూత అడాప్టర్‌కి ఓ-రింగు రాలేదు. అమ్మినవాళ్ళని అడిగితే రింగు పంపరట, పెట్టె మొత్తం తిరిగి పంపమన్నారు. ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో కొలత ఇస్తే పది రూపాయల్లోపు దొరికింది. రింగు సరిగ్గా లేకపోతే టెస్టరే కారుతుంది, మనం ఇంజనుని అనుమానిస్తూ కూర్చుంటాం. కొనగానే పంపుని బాగున్న ఏదో ఒక చిన్న రేడియేటర్ మీద పెట్టి, దానంతటది నిలబడుతోందో లేదో చూసుకోండి.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఒక్క బోటు ఉన్న ఓనరు సొంతంగా కొనక్కర్లేదు, జెట్టీలో నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. మేస్త్రీ అయితే కొనాల్సిందే. కొనేటప్పుడు ఎక్కువ అడాప్టర్లున్న పెద్ద పెట్టెకి డబ్బు పెట్టకండి. రబ్బరు బిరడా, మూత పరీక్షించే ముక్క ఉన్న చిన్న పెట్టె తీసుకుని, మిగిలిన డబ్బుతో లేతు షాపులో మీ ఇంజను మెడ కొలతకి ఒక అడాప్టర్ చేయించుకోండి.